గాలికి మాయని నీలం

“ఒక్క మాట చెప్పు పోలయ్యా. నువ్వు వెళ్లేసరికి ఆ గది గడియ బయటినుంచి వేసి ఉందా?”

“ఉంది బాబూ.”

“ఎవరు వేశారు?”

పోలయ్య బేడీల వంక చూసుకుంటూ కూర్చున్నాడు. “నాకేటీ తెల్దు బాబూ.”

జయరాజు ఆ ప్రశ్న అడగడం అది నాలుగోసారి. నాలుగుసార్లూ అదే జవాబు. ప్రయోగశాల వరండాలో బెంచీ మీద ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. పక్కన కానిస్టేబులు. రెండడుగుల దూరంలో ఇన్‌స్పెక్టర్ తారకనాథ్ సామంత గోడకి చేరబడి సిగరెట్ కాలుస్తున్నాడు. గది తలుపు దగ్గర ప్రొఫెసర్ నిరంజన్ భాదుడీ, ఆయన కింద పనిచేసే తెలుగు పరిశోధకుడు పట్టాభి నిలబడి ఉన్నారు. గురువారం, మధ్యాహ్నం ఒంటిగంటా యాభై.

జయరాజుకి ఈ కేసు నిన్ననే చేతికొచ్చింది. కలకత్తా గార్డెన్ రీచ్ రేవులో ఇరవయ్యేళ్లు కాపలా ఉద్యోగం చేసి, దొంగసరుకు పట్టుకోవడంలో పేరు తెచ్చుకుని, ఎనభై మూడులో ఆ కొలువు మానేసి భవానీపూర్‌లో ఒక గది తీసుకుని ప్రైవేటు విచారణలు మొదలుపెట్టాడు. ఈ నాలుగేళ్లలో ఎన్నో చూశాడు గానీ సైన్సు వాళ్ల గడప ఎప్పుడూ తొక్కలేదు. తొక్కించింది అప్పలకొండమ్మ. పోలయ్యకి అక్క. కార్పొరేషన్‌లో వీధులూడ్చే పని.

“మా తమ్ముడు ఇరవైరెండేళ్లు ఆళ్ల గాజుసీసాలు కడిగినాడు బాబూ,” అంది ఆవిడ నిన్న, కుర్చీ చూపించినా కూర్చోకుండా. “సీమక్కూడా హాని సెయ్యడు. లోయిసమ్మంటే కన్నకూతురికన్నా ఎక్కువ ఆడికి. నిన్న రేతిరి దాకా నాను సెయ్యలేదు మొర్రో అని ఏడిసినాడు. ఇయేళ పొద్దున్న నాను ఎల్లి సూసొచ్చినాను. లోయిసమ్మకి బయం లేదురా, పట్టాభి బాబు రేతిరీ పగలూ ఆస్పటల్లో ఆయమ్మకాడే కూకుంటన్నాడు, దిగులెట్టుకోకు అని సెప్పినాను. అంతే. మరి నోరిప్పలేదు. ఏటైపోనాదో ఆడికి!”

అదే జయరాజుకీ అర్థం కాలేదు. ధైర్యం చెప్పాక మనిషి మాట్లాడాలి గానీ మూగవాడైపోతాడా?

మంగళవారం జరిగింది ఇది. లోయిస్ లిలువా రైల్వే వర్క్‌షాపులో పనిచేసే తెలుగు ఫిట్టరు కూతురు. ఇరవై తొమ్మిదేళ్లు. ఈ సంస్థలో ఆరేళ్లుగా పరిశోధన చేస్తోంది. ఆ సాయంత్రం నాలుగూ ముప్పై అయిదుకి ప్రొఫెసర్ మీటింగు ముగించుకుని మేడెక్కేసరికి, వరండాలో పోలయ్య ఆమెని రెండు చేతులూ పట్టుకుని చిన్నగదిలోంచి బయటికి లాగుతున్నాడు. ఆమె తల వెనక దెబ్బ. గదిలో ఇనప స్టాండు మీద రక్తం. ఆ వేళనుంచి ఆమెకి స్పృహ లేదు.

సామంత సిగరెట్ నేల మీద పడేసి కాలితో నలిపాడు.

“అయిందా మిస్టర్ జయరాజ్? మీ భాషలో అడిగినా మాకు చెప్పిందే మీకూ చెప్పాడు. తీసుకెళ్లిపోండిరా వీణ్ని.”

కానిస్టేబులు పోలయ్యని లేపాడు. వెళుతూ వెళుతూ పోలయ్య ఒకసారి వెనక్కి తిరిగి జయరాజు మొహంలోకి చూశాడు. ఏదో చెప్పబోతున్నట్టు పెదవులు కదిలాయి. మళ్లీ అందరి వంకా చూసి తల దించేసుకుని మెట్లు దిగిపోయాడు.

“అతనికేమిటి కారణం? ఆ అమ్మాయిని ఎందుకు కొడతాడు?” అన్నాడు జయరాజు.

“కారణం కోర్టులో చెబుతా. ముందు ఇది చూడండి.” సామంత సంచీలోంచి ఒక నోటుపుస్తకం తీశాడు. “ఆ అమ్మాయి రాసుకున్నది. ‘ఈ రాడికల్‌ని ఎంతసేపు బతికించగలం?’ ఇంకోచోట, ‘మంచి డోనర్ కావాలి, కానీ చుట్టూ కాపలా పెంచాలి.’ ఆంధ్రా అమ్మాయి. రాడికల్స్. చందాలిచ్చే డోనర్లు. కాపలా. ఇందులో పోలయ్య ఒక్కడే కాదు, ఇంకా చాలామంది బయటపడతారు.”

భాదుడీ నుదురు కొట్టుకున్నాడు. “ఇన్‌స్పెక్టర్‌గారూ, మొన్ననే చెప్పాను. అది రాజకీయం కాదు, కెమిస్ట్రీ!”

“నాకు చెప్పండి సార్,” అన్నాడు జయరాజు. “నాకూ తెలీదు.”

ప్రొఫెసర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. క్లాసులో చెప్పి చెప్పి అరిగిపోయిన గొంతు.

“ఏ అణువులోనైనా ఎలక్ట్రాన్లు జోడీలుగా ఉంటాయి. ఒక్కోసారి ఒకటి జోడీ లేకుండా మిగిలిపోతుంది. అలాంటి అణువుని రాడికల్ అంటాం. ఆ ఒంటరి ఎలక్ట్రాన్‌ని ఎవరికో ఒకరికి ఇచ్చేయాలని చూస్తుంది. ఇచ్చేదే డోనర్. లోహం లేకుండా కరెంటు నడిపే పదార్థాలు చేయాలంటే ఇలాంటివి కావాలి. చిక్కెక్కడంటే, గాలి తగిలిందా, ఎలక్ట్రాన్ గాలికే ఇచ్చేసి చచ్చూరుకుంటుంది. మనం అడిగితే ఇవ్వాలి, గాలి అడిగితే ఇవ్వకూడదు. అలాంటి దానికోసం ఎనిమిదేళ్లుగా కొట్టుకుంటున్నాం. లోయిస్ ఆ అణువు చుట్టూ పరమాణువుల పెద్ద పెద్ద గుంపులు కట్టి దడిలా పెట్టాలని చూసింది. కాపలా అంటే అదీ.”

“ఫలించిందా?”

“లేదు. అది బతికున్నంతసేపు నీలంగా ఉంటుంది. ఎలక్ట్రాన్ పోగానే పసుపు. బిరడా తీసిన పది నిమిషాల్లో పసుపైపోయేది. ప్రతిసారీ అంతే.”

“ఆ పది నిమిషాలే వాణ్ని పట్టించాయి,” అన్నాడు సామంత. వేళ్లు మడుస్తూ చెప్పుకొచ్చాడు. “మూడున్నరకి ప్రొఫెసర్‌గారు మీటింగుకి వెళ్లారు. అప్పటికి అమ్మాయి బాగానే ఉంది. మూడూ నలభై అయిదుకి కరెంటు పోయింది. మూడూ యాభైకల్లా ఈ పట్టాభిగారు లైబ్రరీలో ఉన్నారు, నాలుగూ నలభైదాకా కదల్లేదు, లైబ్రేరియన్ సాక్ష్యం. నాలుగూ అయిదుకి పోలయ్య టీ కెటిలుతో మేడెక్కడం గేటు కాపలావాడు చూశాడు. నాలుగూ ముప్పై అయిదుకి ప్రొఫెసర్‌గారు వచ్చేసరికి బల్ల మీద ట్యూబు బిరడా తీసి ఉంది, మందు నీలంగానే ఉంది. అంటే ఆమె బిరడా తీసింది నాలుగూ ఇరవై అయిదు తర్వాతే. అప్పటిదాకా బతికి, పనిచేసుకుంటూ ఉంది. ఆ పది నిమిషాల్లో మేడ మీద ఉన్నది ఎవరు? పోలయ్య ఒక్కడే. చాలా, ఇంకా కావాలా దాదా?”

జయరాజు ఆ వేళలన్నీ మనసులో మళ్లీ వరసగా పేర్చుకున్నాడు. లెక్క నున్నగా ఉంది. ఎక్కడా వేలు పెట్టడానికి సందు లేదు. అయినా ఒక్కటి మింగుడు పడటంలేదు. కొట్టినవాడు ఆమెని గదిలోంచి బయటికెందుకు లాగుతాడు? తనే గడియ వేసి, తనే తీసి, ‘బయట గడియ ఉంది’ అని తనమీదికే తెచ్చుకునే మాట ఎందుకు చెబుతాడు?

“గది చూడాలి,” అన్నాడు.

“చూడండి. పైనుంచి ఉత్తర్వు తెచ్చుకున్నారుగా.” సామంత గడియారం చూశాడు. “రెండూ పది. మంగళవారం ఆరింటికి వేసిన సీలు. మధ్యలో ఎవరూ తీయలేదు.” లక్క చితక్కొట్టి తాళం తీశాడు.

చిన్నగది నిజంగా చిన్నదే. ఒక బల్ల, ఒక స్టూలు, గోడలో అలమర, గోడవారన నైట్రోజన్ సిలిండర్. కిటికీకి నల్లకాగితం అంటించి ఉంది. నేల మీద రక్తం ఎండి గోధుమరంగుకి తిరిగింది. సామంత టార్చి వెలిగించాడు. జయరాజు రక్తపు మరక దగ్గర కూర్చుని, అక్కణ్నుంచి బల్లకి ఎంత దూరమో చేత్తో కొలుస్తున్నాడు. దెబ్బ తగిలినప్పుడు ఆమె బల్ల వైపు తిరిగి లేదు. తలుపుకి వీపు పెట్టి, గోడనున్న అలమర వైపు నిలబడింది. మరి బిరడా తీసిన ట్యూబు బల్ల మీద వదిలి అలమర దగ్గరికెందుకు వెళ్లింది? పది నిమిషాల్లో చచ్చిపోయే పదార్థాన్ని ఎవరైనా అలా వదిలేస్తారా?

ఇంతలో పట్టాభి అతన్ని దాటుకుని బల్ల దగ్గరికి వెళ్లాడు.

“సార్, ఇది రెండు రోజులుగా మూతలేకుండా ఉంది. ఇక పనికిరాదు, వాసన కూడా మంచిది కాదు. సింకులో పారబోసేస్తాను,” అంటూ చెక్క స్టాండులోంచి ట్యూబు తీసి పిడికిట్లో పట్టుకున్నాడు.

“ఆగండి,” అన్నాడు జయరాజు.

“ఏమీ లేదు జయరాజుగారూ, రెండు నిమిషాల పని.”

“ముట్టుకోవద్దు. అక్కడ పెట్టేయండి.”

పట్టాభి ఒక్క క్షణం ఆగి, నవ్వి, పెట్టేశాడు. జయరాజు సామంత చేతిలోంచి టార్చి లాక్కుని ట్యూబు మీద వేశాడు.

నీలం. సిరా సీసా మీద వెలుగు పడ్డట్టు చిక్కటి నీలం. ట్యూబు గోడమీద పాత గీతకి అరంగుళం కిందికి దిగింది, ఆవిరైపోయి. అంతే తేడా. రంగు మాత్రం ఇసుమంత మారలేదు.

“అయితే ఏమిటి?” అన్నాడు సామంత. “మంగళవారం కూడా నీలంగానే ఉంది.” అన్నాడు గానీ, ఆ మాట పూర్తవకముందే అతని మొహం మారిపోయింది.

“పది నిమిషాలన్నారు,” అన్నాడు జయరాజు మెల్లిగా. “ఇది నలభై అయిదు గంటలు దాటింది.”

ప్రొఫెసర్ బల్ల అంచు పట్టుకున్నాడు. “అసాధ్యం. ఎవరో నీలిరంగేదో కలిపి పోసి ఉంటారు. ఇది అది కాదు.”

“అదో కాదో తేల్చడమెలా?”

“తేల్చడమా?” ప్రొఫెసర్ ఆలోచించాడు. “ఎలక్ట్రాన్ అడిగేవాణ్ని ఎదురుగా పెట్టాలి. సిల్వర్ నైట్రేట్. ఇది నిజంగా డోనర్ అయితే వెండికి ఎలక్ట్రాన్ ఇచ్చేస్తుంది. వెండి నల్లగా విరిగి పడుతుంది, ఇది పసుపవుతుంది. ఉత్త రంగైతే ఏమీ కాదు. పట్టాభీ, ఆ సీసా తీసుకురా.”

పట్టాభి కదల్లేదు.

“పట్టాభీ!”

“ఆఁ, తెస్తున్నాను సార్.”

గాజుపలక మీద నాలుగు చుక్కల నీలం వేశారు. దాని పక్కన ప్రొఫెసర్ తన చేత్తోనే ఒక చుక్క సిల్వర్ నైట్రేట్ వేశాడు. రెండు చుక్కలూ కలిశాయి. కలిసినచోట పొగచూరినట్టు నల్లటి పొడి విరిగింది. చుట్టూ నీలం పలచబడి, పలచబడి, నిమ్మపండు రంగు తేలింది.

భాదుడీ కళ్లజోడు మళ్లీ తీసేశాడు. ఈసారి తుడుచుకున్నది అద్దాలు కాదు.

“అదే,” అన్నాడు. “చేసేసింది. గాలికి లొంగకుండా, అడిగినవాడికి మాత్రం ఇచ్చే రాడికల్. మార్చిలో నేను అందరి ముందూ కసిరాను, ఈ పిచ్చి దడులు మానుకో అని. నాతో ఎందుకు చెప్పలేదు?”

జయరాజు నోటుపుస్తకం చివరి పేజీలు తిరగేశాడు. ఆఖరున రాసిన పేజీలో తారీకు పద్దెనిమిది రోజుల కిందటిది. దాని తర్వాత కుట్టు దగ్గర నాలుగు అంచులు మిగిలాయి. బ్లేడుతో కోసినట్టు తిన్నగా ఉన్నాయి.

“ఇవి మీరు కోశారా ఇన్‌స్పెక్టర్‌గారూ?”

“నాకేం పని!” సామంత పుస్తకం లాక్కుని చూశాడు. మొదటిసారి అతని గొంతులో తడబాటు వినిపించింది. “సరే, ట్యూబు గడియారం పనికిరాదు. ఒప్పుకున్నా. అంతమాత్రాన పోలయ్య కాడని ఎక్కడుంది? ఎప్పుడైనా జరిగుండొచ్చు.”

“ఎప్పుడైనా అంటే ఎవరైనా. మూడున్నరకి ఆమె బాగానే ఉందన్నది ప్రొఫెసర్‌గారొక్కరి మాటే.”

“జయరాజ్‌బాబూ!” అన్నాడు భాదుడీ.

“మూడున్నరనుంచి మూడూ యాభైదాకా పట్టాభిగారెక్కడున్నారో ఎవరికీ తెలీదు.”

“నా బల్ల దగ్గరే ఉన్నాను,” అన్నాడు పట్టాభి నిదానంగా. “ఒక్కణ్నే. సాక్ష్యం లేదు, నిజమే.”

“కాపలావాడు రోజంతా కళ్లు తెరుచుకునే ఉన్నాడని ఎవరు చెప్పగలరు? నేను మీ కేసు విరగ్గొట్టాను ఇన్‌స్పెక్టర్‌గారూ. కానీ నా దగ్గర ఇంకో కేసు లేదు.”

“పోర్టులో బస్తాలు లెక్కపెట్టుకోక మీకిదంతా దేనికి?” అని సామంత విసుక్కున్నాడు. కానీ ఆ విసుగులో పస లేదు. అతనికీ దారి తప్పిందని తెలుస్తూనే ఉంది. ప్రొఫెసర్ అబద్ధం చెప్పాడా, అంటే ఆ కన్నీళ్లు అబద్ధంలా లేవు. లోయిస్ గురువు దగ్గర దాచింది. ఎవరి దగ్గర దాచలేదు? ట్యూబు బిరడా ఆమే తీసిందా? ఒక ముడి విప్పితే మూడు ముళ్లు పడుతున్నాయి.

మూడూ ఇరవైకి పట్టాభి చేతులు కడుక్కుని వచ్చాడు.

“నేను ఆస్పత్రికి వెళతాను. పాపం లోయిస్ వాళ్లమ్మ రోజమ్మగారు ఒక్కరే ఉన్నారు. కూతురు చేసింది ఫలించిందని చెబితే ఆ తల్లికి కాస్త ఊరటగా ఉంటుంది.”

“మంచిది బాబూ,” అన్నాడు జయరాజు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

మూడూ యాభైకి ప్రొఫెసర్ గదిలో ఫోను మోగింది. సామంత అందుకున్నాడు. విన్నాడు. రిసీవర్ పెట్టేసి జయరాజు వైపు తిరిగినప్పుడు అతని మొహంలో గెలుపు లేదు, అయోమయమే ఉంది.

“మీ పోలయ్య నేరం ఒప్పేసుకున్నాడు. స్టేషన్‌లో, ఎవరూ అడక్కుండానే. నేనే కొట్టాను, రాసుకోండి, సంతకం పెడతానన్నాడట.”

“ఇప్పుడా? తప్పించుకునే దారి దొరికినప్పుడా?”

“వాడికా సంగతి తెలీదుగా. రండి, మీ కళ్లతోనే చూడండి.”

జీపులో పది నిమిషాలు. స్టేషన్‌లో రైటరు ఒక కాగితం బల్ల మీద పెట్టాడు. పేజీ నిండా బెంగాలీ. సామంత గబగబా చదివి అర్థం చెప్పాడు: సీసాల్లో స్పిరిట్ దొంగిలిస్తుంటే ఆమె చూసింది, కోపంతో కొట్టాను. అంతే.

“సంతకం బెంగాలీలో పెట్టమంటే రాదన్నాడు సార్,” అన్నాడు రైటరు. “మా భాషలో పెడతానన్నాడు. పెట్టమన్నా. ఇంత పొడుగు పేరేమిటో, ఆరు లైన్లు పట్టింది. ఊరూ తండ్రిపేరూ కూడా రాశాననే చెప్పాడు.”

జయరాజు కాగితం తనవైపు తిప్పుకున్నాడు. అడుగున వంకరటింకర తెలుగు అక్షరాలు. పలకమీద దిద్దినట్టు పెద్దవి. అందులో పోలయ్య పేరే లేదు.

‘కరంటు పోయినేళ సిన్నగది గడియేసి దిగొచ్చినోడు పట్టాబి బాబు. నాను మెట్లకాడ సూసినాను. అప్పుడు అనుమానపడలేదు. ఆడే ఆస్పటల్లో లోయిసమ్మకాడ కూకుంటన్నాడని అక్క సెప్పింది. నాను నోరిప్పితే ఆయమ్మని బతకనియ్యడు. అందుకని ఒప్పుకున్నాను. సదివినోలు ముందు ఆయమ్మని కాయండి.’

జయరాజు రెండోసారి చదవలేదు.

“ఏం రాశాడు?” అన్నాడు సామంత.

“మూడూ నలభై అయిదుకి గది గడియ వేసింది పట్టాభి. అతనికి ముందే తెలుసు, ఇన్‌స్పెక్టర్! ఆ నీలం గాలికి మాయదని తెలుసు. పది నిమిషాల్లో మాస్తుందని మిగతా అందరూ నమ్ముతారనీ తెలుసు. కొట్టి, బిరడా తనే తీసి బల్లమీద పెట్టి, వెళ్లి లైబ్రరీలో కూర్చున్నాడు. ఎప్పుడు చూసినా ‘ఇప్పుడే తీసింది’ అనే అనుకుంటారు. మీ సీలు వల్ల దాన్ని మాయం చేయడానికి రెండు రోజులు వీలు చిక్కలేదు. ఇవాళ అందరి కళ్ల ముందే పారబోయబోయాడు. చూస్తూ చూస్తూ నేనే వెళ్లమన్నాను!”

సామంత అప్పటికే ఫోను తిప్పుతున్నాడు. రెండుసార్లు రాంగ్ నంబరు. మూడోసారికి ఆస్పత్రి కలిసింది. వార్డుకి కలపడానికి ఇంకో నిమిషం పట్టింది. అతని చేతిలోంచి జయరాజు రిసీవర్ లాక్కున్నాడు.

“సిస్టర్, లోయిస్ ఎలా ఉంది? తలకి దెబ్బ తగిలిన అమ్మాయి.”

“ఓ, మంచి కబురే దాదా!” అవతల నర్సు గొంతులో సంతోషం పొంగుతోంది. “పావుగంట క్రితం కళ్లు తెరిచింది. ఏదో మాట్లాడాలని చూసింది కూడా. వాళ్లమ్మ ఏడుస్తూ పాస్టర్‌గారికి ఫోను చేయాలని కిందికి పరుగెత్తింది.”

“ఇప్పుడు దగ్గరెవరున్నారు?”

“ఆ బాబే ఉన్నాడు, రోజూ వచ్చే ఆయన. ఎంత మంచివాడో! వార్డులో గోలగా ఉంది, పక్క గదిలోకి మార్చండని బతిమాలాడు. ఇప్పుడే మార్చాం. మీరేం కంగారుపడకండి. కాసేపు ఎవర్నీ రానివ్వకుండా తలుపు దగ్గరికి వేసుకోమని నేనే చెప్పొచ్చాను.”